మూడోవాడి వీపు మీద మాసిక

జూనిపర్ పిక్చర్స్ వాళ్లు సినిమాకి ఆరు రోజులు కేటాయించేవారు. సోమవారం మొదలుపెడితే శనివారం సాయంత్రానికల్లా దొంగలు పట్టుబడాలి, పశువులు సొంతదారుకి చేరాలి, అమ్మాయి నవ్వాలి. కథ ఎప్పుడూ ఒకటే. ముగ్గురు రౌతులు. మొదటివాడు పెద్దమనిషి, మాట తక్కువ, తుపాకీ ఎక్కువ. రెండోవాడు అందగాడు, సందు దొరికితే గిటారు తీస్తాడు. మూడోవాడు నవ్వించేవాడు. గుర్రం మీంచి పడేదీ వాడే, ఆఖరికి దొంగల జాడ కనిపెట్టేదీ వాడే. ఆ ముగ్గురికీ కలిపి 'త్రీ లాస్సోస్' అని పేరు, పశువుల మెడకి విసిరే మూడు ఉచ్చుతాళ్లని. తొమ్మిదేళ్లలో నలభై ఎనిమిది సినిమాలు వచ్చాయి. ఈలోగా మొదటివాళ్లు ఇద్దరు, రెండోవాళ్లు నలుగురు, మూడోవాళ్లు ఐదుగురు మారారు. బట్టలు మాత్రం మారలేదు. ఆ బట్టల బాధ్యత ఆర్ఫా టాకెట్‌ది.

ఆర్ఫాది మిస్సోరీ. మొగుడు క్షయతో పోయాక, పుట్టింటివాళ్లు ఏదో ఒకటి అనేలోపే కాలితో తొక్కే కుట్టుమిషనుని రైలెక్కించుకుని కాలిఫోర్నియా వచ్చేసింది. రోజూ పొద్దున్నే గోవర్ వీధి మలుపులో కౌబాయ్ వేషాల కోసం నిలబడే జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ పనికి వెళ్లేది. వాళ్లలో ఎవరి బొత్తాం ఊడి కనపడినా అక్కడికక్కడే నిలబెట్టి కుట్టేసేది, తిడుతూనే. "గుర్రం మీద నిలబడ్డం వచ్చుగానీ బొత్తాం పెట్టుకోవడం రాదు, ఏం మగాళ్లయ్యా మీరు!" అనేది. ఆ తిట్లు చెవిన పడకపోతే వాళ్లకి తెల్లారినట్టుండేది కాదు.

ఆమెకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. తెర మీద తన పేరు పడాలి. మొదటివాడి గుర్రానికి పేరు పడుతుంది, పెద్ద పెద్ద అక్షరాల్లో. బట్టలు కుట్టినవాళ్లకి పడదు. మిస్సోరీలో చెల్లెలు లవీనియా ప్రతి సినిమా చూసి ఉత్తరం రాసేది. "ఈసారి కూడా పేర్లన్నీ చదివాను. నీది లేదు. నువ్వు లాస్ ఏంజిలిస్‌లో బట్టలుతుకుతున్నావని చర్చిలో చెప్పాను. తప్పేమీ లేదుగా?" అని. ఆర్ఫా ఆ ఉత్తరం చదివి పళ్లు కొరుక్కునేది. రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. యాభై ఒకటో ఏట మనిషికి ఇంత ఉక్రోషం ఏమిటని తనకే సిగ్గేసేది. అయినా ఆ ఉక్రోషం పోయేది కాదు.

ఇక బట్టలు ఎందుకు మారకూడదో చెప్పాలి. జూనిపర్ వాళ్ల దగ్గర నలభై సెకన్ల ఫిల్ము ముక్క ఒకటి ఉంది. మొట్టమొదటి సినిమా కోసం 1932లో చాట్స్‌వర్త్ రాళ్లగుట్టల దగ్గర తీసింది. ముగ్గురూ గుర్రాలని దౌడు తీయిస్తూ గుట్ట దిగుతారు. కింద మూడు వందల పశువులు బెదిరి పరుగెడుతుంటాయి. దుమ్ము ఆకాశాన్నంటుతుంది. అంతా వెనక నుంచే తీశారు, మొహాలు కనపడవు. మళ్లీ అన్ని పశువుల్ని తోలుకొచ్చే స్తోమత కంపెనీకి ఎన్నడూ లేదు. అందుకని నలభై ఎనిమిది సినిమాల్లోనూ అదే ముక్క. మొహాలు లేవు గనక ఎవరు వేషం వేసినా సరిపోతుంది, బట్టలు కలిస్తే చాలు.

ఆర్ఫా ఆ మరుసటి ఏడు పనిలో చేరేసరికి పాత దర్జీ ఒక పెట్టె వదిలేసి వెళ్లిపోయాడు. అందులో మొదటివాడి నల్లచొక్కా ఉంది, రెండోవాడి గళ్లచొక్కా ఉంది. మూడోవాడిది లేదు. ఫిల్ము కత్తిరించి అతికించే ఇగ్నాట్స్ ఆ ముక్కనీ భూతద్దాన్నీ ఆమె చేతిలో పెట్టి, "ఇదిగో, ఇలా కుట్టు" అన్నాడు. చూసింది. లేతరంగు చొక్కా, వీపు మధ్యన నల్లటి మాసిక, ఒరిగిన కూజా ఆకారంలో. ఆర్ఫా తెల్లచొక్కా తెచ్చి, తెలుపైతే తెర మీద కళ్లు చెదురుతాయని టీ నీళ్లలో ముంచి ఆరేసింది. వీపున తోలుముక్క కత్తిరించి పెట్టి, రెండు వరసల కుట్టు వేసింది. అప్పట్నుంచీ మూడోవాడు ఎవరైనా సరే, వీపున ఆ మాసిక ఉండాల్సిందే.

మాసిక ఉన్నాక దానికో కథ ఉండాలి కదా. రాసేవాళ్లు ఏ సినిమాకి ఆ కథ అల్లారు. ఒకదాంట్లో ఎద్దు కొమ్ముతో చీరేసిందన్నారు. ఒకదాంట్లో అవ్వ దీవించి వేసిన అతుకన్నారు. ఇంకోదాంట్లో ఏకంగా ఆ తోలు కింద బంగారు గని పటం దాచారు. దేశంలో పిల్లలు ఆ ముగ్గురాట ఆడేటప్పుడు అదివరకు మూడోవాడిగా ఉండమంటే ఏడ్చేవారట. మాసిక వచ్చాక దానికోసమే కొట్టుకోవడం మొదలుపెట్టారు. తల్లులు పాతబూట్ల తోలు కోసి చొక్కాలకి కుట్టలేక నానా అవస్థా పడ్డారు.

ఇంత జరుగుతున్నా ఆర్ఫాకి ఒక అనుమానం మాత్రం తీరలేదు. ఆ నలభై సెకన్ల ముక్కలో మొదటి ఫ్రేములో మాసిక అరచేయంత ఉంటుంది. చివరి ఫ్రేములో రెండు అరచేతులంత. మనిషి దూరంగా వెళ్తున్నాడు, వీపు చిన్నదవుతోంది, దానితోపాటు మాసికా చిన్నదవ్వాలి. ఇది పెరుగుతోంది. తోలు పెరగదు, గుడ్డ పెరగదు. చెమటా అంటే చంకల్లోనూ కనపడాలి. నీడా అంటే ఎండ పక్కనుంచి కొడుతోంది. నెత్తురేమో అనుకున్న రోజున ఆమెకి అన్నం సహించలేదు. ఎనిమిదేళ్లుగా కొత్తచొక్కా కుట్టినప్పుడల్లా భూతద్దం పెట్టుకుని చూసేది, ఏమై ఉంటుందా అని.

"ఎన్నిసార్లు చూస్తావు ఆర్ఫా, అరిగిపోతుంది" అనేవాడు ఇగ్నాట్స్.

"వీడెవడో నీకు గుర్తు లేదూ?"

"వీపులకి పేర్లుండవు. గోవర్ వీధిలో ఆ పూట ఎవడు నిలబడి ఉంటే వాణ్ణి ఎక్కించుకెళ్లారు."

1941 వసంతంలో కంపెనీ యజమాని బ్రాక్‌మయర్ ఆమెని గదికి పిలిచాడు. చొక్కాలు అమ్మే కంపెనీ ఒకటి మాసిక చొక్కాని ఊరూరా అమ్ముతానని వచ్చిందట. ఆ మాసిక ఎవరి ఊహో వాళ్లే కాగితం రాసివ్వాలట.

"కుట్టింది నువ్వే కదా?" అన్నాడు బ్రాక్‌మయర్. "ఇది నా సొంత ఊహ, నా ముందు ఎవరూ తలపెట్టలేదు, అని సంతకం పెట్టు. శుక్రవారంలోగా. రాబోయే సినిమాలో తెర మీద నీ పేరు వేస్తాను. 'దుస్తుల రూపకల్పన' అని. మొత్తం తెర నీకే."

ఆర్ఫాకి మెట్లు ఎలా దిగిందో తెలియదు. మిషను ముందు కూర్చుని తన పేరుని సుద్దతో నల్లగుడ్డ మీద రాసి, కాస్త దూరం జరిగి చూసుకుంది. బాగుంది. ఆ పక్కనే ఉన్న మూడోవాడి చొక్కా మీద కన్నుపడింది. సొంత ఊహ అని రాయాలి. తన ఊహ అయితే అదేమిటో తనకి తెలియాలిగా? తెలియని దాన్ని నాదని ఎలా రాస్తాను, ముందు తెలుసుకుందాం, తర్వాత సంతకం పెడదాం అనుకుంది. శుక్రవారానికి మూడు రోజులున్నాయి.

బుధవారం యూనిట్ బస్సెక్కి చాట్స్‌వర్త్ వెళ్లింది. గుర్రాలు అద్దెకిచ్చే కొట్టం దగ్గర పాతకాలం మనుషులెవరైనా ఉంటారని ఆశ. ఎవర్నడిగినా నేనే అంటే నేనే అన్నారు. ఆ గుట్ట మీంచి ఆ రోజు ముగ్గురే దిగారు గానీ, పొద్దెక్కేసరికి ఆర్ఫా లెక్కకి పదకొండు మంది తేలారు. విసుగొచ్చి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుంది. ఎదురుగా ఒకాయన బండి మీంచి గడ్డిమోపులు దింపుతున్నాడు, వీపు ఇటు పెట్టి. ఆమె లేచి నిలబడింది. ఆ కుడి భుజం! ఎడమదానికన్నా దిగి ఉంది. ఎనిమిదేళ్లుగా ఫిల్ము ముక్కలో చూస్తున్న భుజం, ఆ వాలు రావాలని ప్రతి కొత్త నటుడి చొక్కాకీ కుడివైపు కుట్టు తీసి వేసిన భుజం.

"ఏమయ్యా, ఇటు తిరక్కు! అలాగే ఉండు" అంటూ మెడలోంచి టేపు తీసి ఆయన వీపుకి పెట్టేసింది.

"ఎవరమ్మా అది? శవపెట్టె గానీ చేయిస్తున్నావా ఏమిటి?"

"కుడిది ముప్పావు అంగుళం కిందకుంది."

"చిన్నప్పుడు కంచరగాడిద తన్నింది. ఇప్పుడు దాన్ని అరెస్టు చేయిస్తావా?"

"ముప్ఫై రెండులో ఈ గుట్ట మీంచి పశువుల వెంట దిగావు. ముగ్గురిలో మూడోవాడివి నువ్వే."

ఆయన చేతిలో గడ్డిమోపు జారింది. "ఎవరు చెప్పారు?"

"నీ భుజం చెప్పింది. నేను ఆర్ఫా టాకెట్‌ని. నీ చొక్కా కుట్టేది నేనే."

ఆయన పేరు హర్లీ స్వోప్. యాభై ఎనిమిదేళ్లవాడు. అటూ ఇటూ చూసి, ఆమెని గడ్డివామి చాటుకి తీసుకెళ్లి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నవ్వనని మాటివ్వండి."

"నవ్వను. చెప్పు. దెబ్బా? నెత్తురా?"

"బ్లాక్‌బెర్రీ పై."

"ఏమిటీ? తినేదేనా?" అంది ఆర్ఫా.

"ఆ రోజు మధ్యాహ్నం పెద్దనటులకి డబ్బాల్లో భోజనం వచ్చిందమ్మా. నల్లటి బెర్రీ పండ్లు ఉడికించి, పిండిలో కూరి కాల్చిన తీపి పై, ఇంతింత ముక్కలు. మాకేమో రొట్టే, ఉడికించిన గుడ్డూ. మా ఆవిడ టెసీ పెళ్లికి ముందు ఒక హోటల్లో పైలు చేసేది. ఇక్కడికొచ్చాక మాకు పొయ్యే సరిగ్గా లేదు. రెండేళ్లయింది దాని రుచి చూసి. ఎవరూ చూడకుండా ఒక ముక్క తీసి, జేబురుమాల్లో చుట్టి, చొక్కా లోపల వీపు మీద పెట్టుకుని బెల్టు బిగించాను."

"వీపు మీదెందుకయ్యా, మొద్దూ! ముందు పెట్టుకోవచ్చుగా?"

"ముందు పెట్టుకుంటే గుర్రం ఎక్కేటప్పుడు జీనుకి నొక్కుకుంటుంది కదమ్మా. అయినా మా పని అయిపోయిందన్నారు, బస్సెక్కబోతున్నా. ఇంతలో పొద్దు వాలిపోతోంది, ఎక్కండి ఎక్కండి అని తరిమారు. ఎక్కాను. దిగేటప్పుడు మొదటి గంతుకే చల్లగా కారడం మొదలైంది. జీను దాకా కారుతుందేమోనని నా భయం."

నవ్వనని మాటిచ్చిన ఆర్ఫా అంచు కుట్టని లంగాలా చీలిపోయి నవ్వింది. నవ్వి నవ్వి గడ్డి మీద కూలబడింది. హర్లీ కూడా నవ్వాడు గానీ మధ్యలో ఆపేశాడు.

"చొక్కా ముళ్లకి చిరిగిందని అబద్ధమాడి ఇంటికి పట్టుకుపోయాను. టెసీ నన్ను గుమ్మంలో నిలబెట్టి, వీపు మీంచి చెంచాతో గీకి తింది. తింటూ ఏడ్చింది. అమ్మా, ఈ సంగతి బయటికి రానివ్వకండి. ఆ రోజు డబ్బా నాది అని గోల చేసిన నటుడు, అప్పటి మొదటివాడు, ఇప్పటికీ బ్రాక్‌మయర్‌కి కుడిభుజం. అప్పట్లో దాని కోసం ఇద్దరు కుర్రాళ్లని పనిలోంచి తీసేశారు. వాళ్లకి నేను చేసిన ద్రోహం నాకు గుర్తుంది. ఇప్పుడు నేనని తెలిస్తే ఈ గడ్డిమోపులు కూడా మోయనివ్వరు."

ఆర్ఫా కళ్లు తుడుచుకుని తన కాగితం సంగతి చెప్పింది. హర్లీ చప్పున, "పెట్టెయ్యండి సంతకం! నేను కార్చుకున్నాను, మీరు కుట్టారు. ఎవరికి నష్టం?" అన్నాడు. తిరుగు బస్సులో ఆర్ఫా అదే మాట పదిసార్లు అనుకుంది. ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. ఇంటికెళ్లి పడుకున్నా అదే మాట. కానీ ఎలా తిప్పి చూసినా ఆ పక్కనే గుమ్మంలో నిలబడి చెంచాతో తింటున్న ఆడమనిషి కనపడుతోంది. ఆ మధ్యాహ్నం వాళ్లది. అది నా ఊహ అని రాస్తే వాళ్ల కడుపులోది లాక్కున్నట్టే అనిపించింది.

శుక్రవారం బ్రాక్‌మయర్ గదిలో కలం చేతిలోకి తీసుకుంది. తీసుకుని, పెట్టేసింది. ఆ పెట్టేయడం ఆమెకి సులువుగా జరగలేదు. 

"ఇది నా ఊహ కాదు. ఫిల్ములో చూసి కుట్టాను. నాకు ముందే ఒకరి వీపు మీద ఉంది."

"ఎవరి వీపు మీద?"

ఆర్ఫా కలాన్ని ఆయన వైపు జరిపింది. "తెలీదు."

"తొమ్మిదేళ్లనాటి వీపు కోసం నా బేరం చెడగొడతావా?" అని బ్రాక్‌మయర్ బల్ల చరిచాడు. "పెట్టు సంతకం! పేరు అక్కర్లేదా?"

"కావాలండీ. చాలా కావాలి. ఇలా వద్దు."

బ్రాక్‌మయర్ ఆమెని పనిలోంచి తీసేయలేదు. ఆ భుజం వాలు ఇంకెవరికీ తెలియదు మరి. కాగితం మీద ఆయన అన్నకొడుకు మెల్విన్ సంతకం పెట్టాడు. ఆ కుర్రాడికి సూదికి దారం ఎక్కించడం రాదు. మర్నాడు వచ్చి, "ఆంటీ, ఆ మాసిక కొలత ఎంత పెట్టాలి?" అని అడిగాడు. ఆర్ఫా కాగితం మీద గీసి, కత్తిరించి, చేతిలో పెట్టింది. వాడు వెళ్లాక మిషను మీద తల ఆన్చి కాసేపు ఏడ్చింది.

ఆ సినిమా జులైలో వచ్చింది. హర్లీ, టెసీ ప్రతి సినిమా శాన్ ఫెర్నాండోలో శనివారం మధ్యాహ్నం ఆట చూస్తారట, నువ్వూ రావాల్సిందేనని కబురంపారు. టెసీ లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. ఆర్ఫాని మధ్యలో కూర్చోబెట్టుకుంది. హాలు నిండా పిల్లలు, సీట్లెక్కి ఈలలు. దీపాలు ఆరాయి. పేర్లు పడ్డాయి. గుర్రం పేరు పడింది. ఆ తర్వాత మొత్తం తెర మీద: 'దుస్తుల రూపకల్పన, మెల్విన్ బ్రాక్‌మయర్'.

ఆర్ఫాకి మొహం భగ్గుమంది. తెలిసిందే అయినా, కళ్లారా చూడటం వేరు. టెసీ వంగి, "నీ పేరేది? పడుతుందన్నాడు మా ఆయన" అంది.

"చోటు చాల్లేదట" అంది ఆర్ఫా.

టెసీ హర్లీ వైపు చూసింది. ఆయన అడగొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమెకి సంగతి ఎంత అర్థమైందో ఏమో, ఆర్ఫా చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

సినిమా సగం అయ్యాక గుట్ట వచ్చింది. ముగ్గురూ దిగుతున్నారు. హర్లీ సిగ్గుతో సీట్లోకి జారి, టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. ముందువరసలో మాసిక చొక్కా వేసుకున్న ఒక ఆడపిల్ల సీటెక్కి అరుస్తోంది. వాళ్లమ్మ దాన్ని లాగి కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి, "క్షమించండమ్మా. రోజూ ప్రాణం తీస్తోంది, అసలు ఆ మాసిక ఎందుకే అమ్మా అని. నాకేం తెలుసు?" అంది.

ఎనిమిదేళ్లు తాను పదిమందినీ అడిగిన ప్రశ్న. జవాబు తెలిసి కూడా ఆర్ఫా నోరు విప్పలేదు, చెప్పడం తన వంతు కాదని. టెసీ వైపు చూసింది.

"మాసికా పాడా, అది బెర్రీ పై!" అంది టెసీ. "ఇంటికి దాచి తెస్తుంటే కారిపోయింది. నాకోసం!"

"టెసీ!" అని టోపీ కిందనుంచి హర్లీ మూలిగాడు.

"ఊరుకో! ఎవరిక్కడ, బ్రాక్‌మయరా? పిల్లలు!"

ఆ తల్లి నవ్వబోయి, టెసీ మొహం చూసి ఆగింది. "మరి దాన్ని మాసికగా చేసిందెవరు? చొక్కా కంపెనీవాళ్లది ఉత్త జిగురమ్మా, ఒక్క ఉతుకుకి ఊడిపోయింది. బూటు తోలుతో నేనే కుట్టాను. మూడు సూదులు విరిగాయి. ఆ కూజామెడ దగ్గర మలుపు ఎంతకీ తిరగదు!"

"ఈవిడే" అంది టెసీ, పట్టుకున్న చెయ్యి పైకెత్తి. "ఒక్కొక్కటీ ఈవిడే కుట్టింది."

ఆ తల్లి తెర వదిలేసి పూర్తిగా ఇటు తిరిగింది. చీకట్లో తడుముకుని ఆర్ఫా వేలు పట్టుకుని, సూది పోట్లతో గట్టిపడిన చోట బొటనవేలితో రుద్ది చూసింది. "అవును, నువ్వే" అంది. "ఆ మలుపు ఎలా తిప్పావమ్మా?"

"తోలుని ముందు తడపాలి" అంది ఆర్ఫా.  "తడిగా ఉండగానే వంచి, లోపలివైపు చిన్న గాటు పెట్టి, అప్పుడు కుట్టాలి. ఆరాక అది కదలదు."

"తడపడమా! నాకు తట్టనే లేదు చూడు." ఆమె కూతుర్ని భుజం పట్టి ఇటు తిప్పింది. "చూడవే, నీ చొక్కా మొదట కుట్టింది ఈవిడ. నీ పేరేంటమ్మా? చెప్పకపోతే ఇది ఇంటి దాకా నన్ను తినేస్తుంది."

తెర మీద పశువులు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. ఆర్ఫా కూర్చున్నదల్లా నిటారుగా సర్దుకుంది. ఆ పిల్లకి వినపడేలా, హాల్లో గోలని మించి గొంతు పెంచి, తన పేరు పూర్తిగా చెప్పింది.

"ఆర్ఫా టాకెట్."